గుజరాత్ మట్టి కొని బాపట్ల ఇసుకలో పోశాను: క్లే గుళికల మీద నా రివ్యూ

ముందు ఒక సంగతి. మా గుంటూరు వైపు "గుళికలు" అంటే ఎవరికైనా వరిలో చల్లే పురుగుమందే గుర్తొస్తుంది. నేను "ఇసుక చేలో గుళికలు వేశాను" అన్నప్పుడల్లా "ఏం పురుగు పడింది?" అని అడిగారు జనం. ఇవి అవి కావు. ఇవి మట్టి గుళికలు. బంకమట్టిని ఎండబెట్టి, పెసరగింజ నుంచి శనగగింజ సైజు దాకా పలుకులు చేసి, 25 కిలోల బస్తాల్లో అమ్ముతున్నారు, ఇసుక నేలలో కలిపితే నీళ్లు నిలుస్తాయని. షాపుల్లో క్లే గ్రాన్యూల్స్ అంటారు. నేను 20 బస్తాలు కొన్నాను. బస్తా 620 రూపాయలు, మొత్తం 12,400, ఆటో కిరాయి వేరే. పోయినేడు ఫిబ్రవరిలో కొని, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పూర్తిగా చూశాక రాస్తున్నా.

మా చేను ఎలాంటిదో చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. నేనుండేది గుంటూరులో, ఉద్యోగం ఇక్కడే. చేను మాత్రం మా మావయ్యగారిది, బాపట్ల దాటి సూర్యలంక వెళ్లే రోడ్డుకి లోపల, ఎకరం పది సెంట్లు. ఒకప్పుడు గుంటూరు జిల్లాయే, 2022 నుంచి బాపట్ల జిల్లా అయింది. అక్కడిది నేల అనాలో సముద్రం ఒడ్డు అనాలో నాకిప్పటికీ తెలీదు. పొద్దున నీళ్లు పెడితే సాయంత్రానికి పైన జానెడు పొడి. చెప్పులు లేకుండా ఏప్రిల్ మధ్యాహ్నం నాలుగడుగులు వేస్తే అరికాళ్లు కాలతాయి. పాతరోజుల్లో దొరువులు తవ్వి, అంటే చేలోనే పల్లంగా గుంట తీసి, అందులో ఊరిన నీళ్లని కడవలతో మొక్కమొక్కకీ పోసేవాళ్లట. మావయ్యగారి భుజం మీద ఆ కావడి మచ్చ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మోటారు ఉంది, డ్రిప్పు ఉంది, కానీ ఒక చిక్కుంది: ఇసుక కింద మంచినీళ్లు పొరలాగా తేలుతుంటాయి, వాటి కింద ఉప్పునీళ్లు. మోటారు ఎక్కువసేపు ఆడిస్తే కింది ఉప్పు పైకి లాగుతుంది. కాబట్టి మాకు కరెంటు బిల్లు టెన్షన్ కాదు, నీళ్లు ఎంత తక్కువ తోడితే బావి అంతకాలం బతుకుతుంది అన్నదే టెన్షన్. ఆ ఆశతోనే ఈ గుళికల మాయలో పడ్డా.

కొన్నది పట్నం బజార్‌లో ఒక షాపులో. పేరు రాయను. కౌంటర్ దగ్గర కుర్రాడు బాగా మాట్లాడతాడు, ఒక గాజు గ్లాసులో ఇసుక, ఇంకో గ్లాసులో ఇసుకా గుళికలూ కలిపి పెట్టి, రెండిట్లోనూ నీళ్లు పోసి చూపించాడు. ఒకదాంట్లో నీళ్లు సర్రుమని దిగాయి, ఇంకోదాంట్లో ఆగాయి. చూడగానే పడిపోతాం కదా. నేనూ పడిపోయా. ఇంటికొచ్చాక గానీ వెలగలేదు నాకు, ఆ గ్లాసులో సగానికి సగం గుళికలే ఉన్నాయని. కరపత్రంలో రాసిన మోతాదేమో ఎకరానికి 4 బస్తాలు. ఈ గ్లాసుకీ ఆ కరపత్రానికీ సంబంధం ఏమన్నా ఉందా అనేదే అసలు రివ్యూ.

కుర్రాణ్ణి ఒక ప్రశ్న అడిగా: "బాబూ, ఇది సోడియం బెంటొనైటా, కాల్షియం బెంటొనైటా?" బెంటొనైట్ అంటే తడిస్తే ఉబ్బే ఒక రకం బంకమట్టి, అందులో రెండు రకాలు. ఏ రకమో ఎందుకడిగానో కింద చెప్తా. వాడు ఒక్క క్షణం ఆగి, "ఒరిజినల్ అండి" అన్నాడు. బస్తా మీద చూస్తే "100 శాతం సహజం" అనుంది, ఒక పచ్చటి మొక్క బొమ్మ ఉంది, గుజరాత్‌లో తయారైనట్టు అడ్రసుంది. మట్టిలో ఏముందో చెప్పే లెక్క ఒక్కటీ లేదు. కచ్ వైపు బెంటొనైట్ గనులు పెద్దవి, రాజస్థాన్‌లో బార్మేర్ దగ్గర కూడా ఉన్నాయి, కాబట్టి అడ్రసు నమ్మొచ్చనే అనుకున్నా.

ఆటోలో వేసుకుని చేబ్రోలు, పొన్నూరు మీదుగా పోతుంటే మావయ్యగారు ఒక మాటన్నారు. రోడ్డుకి రెండువైపులా నల్లరేగడి, మాగాణి, కోత అయిపోయిన వరిచేలు, ఎండకి నెర్రెలు విచ్చి ఉన్నాయి. "ఇదిగో ఈ నెర్రెల్లో ఉన్నదే కదయ్యా ఆ బస్తాల్లో ఉన్నది, అంత దూరం నించి తెప్పించారా?" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నా. ఆయన అన్నది నిజం. రేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది, దానికి కారణం అందులో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే జాతి బంకమట్టి. బెంటొనైట్‌లో ముఖ్యంగా ఉండేదీ అదే. ఇసుక రేణువు పెద్దది, 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది, పైగా పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్యకి నీళ్లు దూరతాయి. ఒక్క గ్రాము మాంట్‌మోరిల్లొనైట్ పొరలన్నీ విప్పి పరిస్తే 600 నుంచి 800 చదరపు మీటర్లు వస్తుందని మట్టి శాస్త్రం పుస్తకాల్లో ఉంటుంది. అంటే ఒక చెంచాడు మట్టిలో సెంట్లకి సెంట్ల నేల. నీళ్లు పట్టుకునేది ఆ ఉపరితలమే. సూత్రం వరకు ఇందులో మోసం ఏమీ లేదు.

ఇక నా ప్రయోగాలు. మొదటిది గ్లాసు పరీక్ష, మీరు కూడా కొనేముందు తప్పకుండా చేయండి, షాపులో ఒక గుప్పెడు అడిగితే ఇస్తారు. గ్లాసు నీళ్లలో పది పలుకులు వేసి కదపకుండా వదిలేశా. అరగంటలో అంచులు మెత్తబడ్డాయి, రెండు గంటల్లో విచ్చుకుని పేస్టులాగా అయ్యాయి. మంచిదే. అలా కరగకుండా గులకరాయిలా అలాగే కూర్చుంటే అది కాల్చిన మట్టి, దాని పని వేరు. మిద్దెతోటల వాళ్లకి అమ్మే గుండ్రటి ఎర్ర బంతులుంటాయి చూడండి, బట్టీలో కాల్చి ఉబ్బించినవి, అవి కుండీ అడుగున నీళ్లు పోవడానికో, మట్టి లేకుండా పెంచే మొక్కలకో పనికొస్తాయి, ఇసుక చేనుకి కాదు. రెండిటినీ క్లే అనే అంటారు, ఆన్‌లైన్‌లో ఒకటి అనుకుని ఇంకోటి కొన్నవాళ్లున్నారు.

రెండోది డబ్బా పరీక్ష. రెండు నూనె డబ్బాలు, అడుగున మేకుతో సమానంగా చిల్లులు. ఒకదాంట్లో 10 కిలోల మా చేను ఇసుక. రెండోదాంట్లో అదే ఇసుక తొమ్మిదిన్నర కిలోలు, గుళికలు అరకిలో, ముందురోజే తడిపి బాగా కలిపి మళ్లీ ఆరబెట్టింది. రెండిట్లోనూ మూడేసి లీటర్లు పోశా, కారింది కారినట్టు కొలిచా. ఉత్త ఇసుకలోంచి లీటరున్నర పైన కారిపోయింది, గుళికల డబ్బాలోంచి లీటరు కంటే కాస్త ఎక్కువ. అంటే అరలీటరు దాకా ఎక్కువ పట్టుకుంది. మిద్దె మీద ఎండలో పెడితే ఉత్త ఇసుక మూడోరోజుకి వేలు పెట్టినంత లోతూ పొడి, గుళికల డబ్బాలో ఐదోరోజుక్కూడా చల్లగా తగిలింది. ఇది చూసి మా ఆవిడ కూడా "పర్లేదే" అంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బంకమట్టి పట్టుకున్న నీళ్లన్నీ మొక్కకి రావు. కొంత నీటిని అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే వేరు లాగినా వదలదు. చేతికి తడి తగులుతున్నా మొక్క వాడిపోవడం రేగడిలో చూసే ఉంటారు. కాబట్టి ఆ అరలీటరంతా లాభం అని రాసుకోకండి, అందులో ఒక భాగమే.

డబ్బాలో నేను కలిపింది నూటికి 5 పాళ్లు. చేలో కరపత్రం చెప్పింది ఎంత? ఇక్కడే కూర్చుని లెక్కేశా, ఈ లెక్క కొనకముందు వేసుంటే పదివేలు మిగిలేవి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పైన 15 సెంటీమీటర్ల మందం, అంటే నాగలి తిరిగే లోతు, తీసుకుంటే 600 ఘనపు మీటర్ల పైన ఇసుక. ఘనపు మీటరు ఇసుక టన్నున్నర పైనే తూగుతుంది. మొత్తం 900 టన్నుల పైమాటే. ఆ నేలలో ఒక్క శాతం బంకమట్టి పెరగాలంటే 9 టన్నులు తోలాలి, అంటే 360 బస్తాలు, అంటే 2,23,200 రూపాయలు. కరపత్రం చెప్పిన 4 బస్తాలు అంటే 100 కిలోలు, చదరపు మీటరుకు 25 గ్రాములు. మా ఇంట్లో కాఫీపొడి చెంచాలతో రెండో మూడో చెంచాలు.

ఇంకో రకంగా చూడండి. ఆ 100 కిలోల మట్టి తన బరువుకి ఐదు రెట్లు నీళ్లు తాగింది అనుకుందాం, ఇసుక మధ్య నొక్కుకుని అంత ఉబ్బలేదు గానీ, పోనీ అనుకుందాం. 500 లీటర్లు. మే నెలలో ఎండకి, మొక్క తాగినదానికి కలిపి రోజుకి 5 మిల్లీమీటర్లు పోతుంది అనుకుంటే ఎకరానికి 20 వేల లీటర్లు. 20 వేల లీటర్ల దాహానికి 500 లీటర్ల కుండ. అదీ ఒక్కసారికి. "30 శాతం నీటి ఆదా" అని కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ఉంది, ఆ 30 ఎక్కడినించి వచ్చిందో నేనడగలేదు, మళ్లీ ఒరిజినల్ అండి అంటాడని.

అయినా కొన్నాం కదా. మొదట 10 సెంట్ల మడిలో 8 బస్తాలు చల్లా. కరపత్రం మోతాదుకి ఇది 20 రెట్లు, అయినా నేల బరువులో 0.2 శాతమే. చల్లడం ఒక నరకం. సముద్రపు గాలి పదింటికల్లా మొదలవుతుంది అక్కడ, బస్తా అడుగున దుమ్ము ఎక్కువుంది, కిలో రెండు కిలోలు ఉత్త పొడి, అది మొహానికే కొట్టింది. ముక్కుకి కండువా కట్టుకోండి, పొద్దున్నే ఆరింటికి చల్లండి, పొడి నేలలోనే చల్లి వెంటనే రోటవేటరు తిప్పించండి. నేను తడి మీద చల్లా. పైన పైనే ఉబ్బి, ఇసుకతో కలవకుండా పిడకల్లా అట్టలు కట్టింది. మళ్లీ ఆరాక తిప్పించాల్సొచ్చింది, రోటవేటరు కిరాయి రెండుసార్లు. ఆ మడిలో బెండ వేశాం, పక్కన గుళికలు లేని 10 సెంట్లలోనూ అదే విత్తనం. తేడా? నాకు కనపడలేదు. రెండూ మధ్యాహ్నం రెండింటికి ఒకేలాగా వాడాయి, రెండిటికీ ఒకేలాగా నీళ్లు పెట్టాం. కోతలో కాయ తేడా ఉందా అంటే ఒకరోజు ఇది ఎక్కువ, ఒకరోజు అది ఎక్కువ. పక్క చేను బాబాయ్ అయితే ఏది ఏ మడో చెప్పలేకపోయాడు, తప్పుగా చెప్పి పందెం కూడా ఓడిపోయాడు.

అసలు ఈ బంకమట్టి తోలడం కొత్త విషయమా అంటే కాదు. ఆస్ట్రేలియాలో దక్షిణ, పశ్చిమ ప్రాంతాల ఇసుక నేలల్లో రైతులు చాలా ఏళ్లుగా చేస్తున్నారు. అక్కడి ఇసుక మీద ఒకరకం మైనపు పూతలాగా ఉండి వానపడినా తడవదు, దానికి మందుగా మొదలుపెట్టారు. వాళ్లు వేసేది హెక్టారుకు వంద టన్నులు, ఒక్కోచోట రెండువందల టన్నులు కూడా. అదీ బస్తాల్లో కొని కాదు, అదే పొలంలో కింద ఉన్న బంకమట్టిని గొయ్యి తవ్వి తీసో, లోతుగా దున్ని పైకి లాగో కలుపుతారు. ఎడారి దేశాల్లో బంకమట్టిని నీళ్లలో పల్చగా కలిపి ఇసుకలోకి దింపే పద్ధతి కూడా వచ్చింది, దుబాయ్‌లో 2020లో పుచ్చకాయల మీద చేసి చూశారు. అన్నిచోట్లా లెక్క ఒకటే, పాళ్లు సరిపోవాలి.

ఇప్పుడు బాగున్న భాగానికి వస్తా, లేకపోతే పాపం గుళికలకి అన్యాయం చేసినట్టు అవుతుంది. ఎకరమంతా కాదు, మొక్క గుంటలో వేస్తే ఏమవుతుంది అని దొండపాదుల దగ్గర చూశా. పందిరి కింద మొత్తం 80 గుంటలు, ఒక్కోటి అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. ఒక్కో గుంటలో పట్టేది 140 కిలోల ఇసుక. అన్ని గుంటల్లోనూ ఐదేసి కిలోల చివికిన పెంట వేశాం. 40 గుంటల్లో దాంతోపాటు మూడేసి కిలోల గుళికలు, అంటే 2 శాతం పైన. 20 గుంటల్లో ఉత్త పెంటే. మిగతా 20 గుంటల్లో మావయ్యగారి పట్టుదల కొద్దీ పొన్నూరు వైపు నుంచి తోలించిన చెరువు పూడికమట్టి, గుంటకి గంప పైన, సుమారు 20 కిలోలు. పూడికమట్టి ట్రక్కు 1,500 పడింది, కిరాయితో కలిపి. వాడింది కాస్తే, చాలావరకు మిగిలిపోయింది, గట్ల మీద చల్లేశాం.

ఏప్రిల్, మే చూడాలి. ఉత్త పెంట గుంటల్లో రెండోరోజు మధ్యాహ్నానికి తీగ కొసలు వాలిపోయేవి, రోజు విడిచి రోజు నీళ్లు తప్పదు. గుళికల గుంటలు మూడోరోజు సాయంత్రం దాకా నిలబడ్డాయి, మబ్బు పట్టిన వారమైతే నాలుగోరోజు దాకా. ఇది నేను కళ్లారా చూసింది, ఎవరో చెప్పింది కాదు. మొదటి కాపు కూడా గుళికల గుంటల్లో వారం ముందు అందుకుంది. ఇక పూడికమట్టి గుంటలు? అవీ అంతే నిలబడ్డాయి. నిజం చెప్పాలంటే మే ఆఖర్లో రోహిణి కార్తె ఎండల్లో అవే కాస్త మెరుగు. గుంటకి గుళికల ఖర్చు 74 రూపాయలు, పూడికమట్టి ఖర్చు, వాడినంత మట్టికే లెక్కేస్తే, 10 రూపాయలు. మావయ్యగారు ఏమీ అనలేదు, ఆ రోజు భోజనం దగ్గర ఇంకో ముద్దపప్పు వేయించుకుని తిన్నారంతే.

అయితే పూడికమట్టి కథలో కూడా బొక్కలున్నాయి, అది చెప్పకుండా "అంతా పాతపద్ధతే మంచిది" అని వదిలేసే రకం కాదు నేను. ఒకటి, తుంగ. ఆ 20 గుంటల్లో తుంగ గడ్డలు ఎన్ని మొలిచాయో మా కూలీ అమ్మాయిని అడగండి, గుళికల గుంటల్లో ఒక్కటి లేదు. రెండు, పెళ్లలు. రేగడి పెళ్ల ఇసుకలో అలాగే పెళ్లగా ఉంటే ఉపయోగం లేదు, ఎండాకాలం తోలి ఒక వానకి తడవనిచ్చి పొడిపొడిగా రాలాక కలపాలి. మూడు, ఇది చాలా ముఖ్యం: మా వైపు ఏ చెరువు మట్టి అనేది చూసుకోండి. నిజాంపట్నం, కర్లపాలెం వైపు రొయ్యల చెరువులు ఎత్తిపోసిన మట్టి ఉచితంగా ఇస్తామంటారు, ట్రాక్టర్ కిరాయి పెట్టుకుంటే చాలంటారు. అది నల్లగా, నూనెలాగా, చూడ్డానికి బంగారంలా ఉంటుంది. ఉప్పు. ఆ మట్టి తోలినవాళ్ల చేలో రెండేళ్లు ఏదీ సరిగ్గా రాలేదు. ఒక డబ్బాలో ఐదు వంతుల నీళ్లకి ఒక వంతు మట్టి కలిపి తేర్చి, ఆ నీళ్లకి మట్టి పరీక్ష కేంద్రంలో ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, చూపించుకోండి, తర్వాతే ట్రక్కు పిలవండి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ సోడియం కాల్షియం గొడవ. బెంటొనైట్ రెండు రకాలు. సోడియం రకం బాగా ఉబ్బుతుంది, జిగురుగా ఉంటుంది, నీళ్లు పోకుండా చెరువుల అడుగు మూయడానికి, బోరు వేసేటప్పుడు గోడ కూలకుండా ఉండడానికి వాడేది అదే. ఎలక్ట్రీషియన్లు ఎర్తింగ్ గుంటలో పోసే పొడి కూడా ఆ కోవలోదే. కాల్షియం రకం తక్కువ ఉబ్బుతుంది, కానీ నేలకి అది నయం. సోడియం ఎక్కువైతే మట్టి రేణువులు విడిపోయి పైన అట్ట కడుతుంది, నీరు దిగదు, మా నీళ్లే కాస్త ఉప్పటివి, దానికి ఇది తోడైతే అంతే సంగతులు. మా బావమరిది తెలివిగా "ఎర్తింగ్ పౌడర్ విజయవాడలో సగం రేటుకి దొరుకుతుంది, అదే వేసేద్దాం బావా" అన్నాడు. వద్దన్నా. గ్లాసులో మూడు నాలుగు రెట్లు పైకి ఉబ్బి జెల్లీలాగా నిలబడితే సోడియం రకం అని అనుమానించండి. నా గుళికలు రెండింతలు కూడా ఉబ్బలేదు, కాబట్టి కాల్షియం రకమే అనుకుంటున్నా, బస్తా మీద రాసుంటే ఈ జాతకాలు చూసే పని ఉండేది కాదు. అనుమానంతో జిప్సం కూడా చల్లా, మా వైపు వేరుశనగకి పూత టైములో ఎకరానికి 200 కిలోలు ఎలాగూ వేస్తాం కదా, ఇంట్లో ఉంది. జిప్సంలో కాల్షియం సోడియంని తోసి ఆ చోట కూర్చుంటుంది.

నీళ్ల గురించే మాట్లాడుతున్నా గానీ నాకు ఎరువు విషయంలో లాభం ఎక్కువ కనిపించింది. ఇసుక నేలలో యూరియా వేసి నీళ్లు పెడితే సగం కిందకి పోయి బావిలో తేలుతుంది. బంకమట్టి రేణువుకి రుణావేశం ఉంటుంది, అందుకని పొటాషియం, అమ్మోనియం, కాల్షియం లాంటి ధనావేశం ఉన్నవాటిని పట్టి ఉంచుతుంది. నైట్రేట్‌ని మాత్రం పట్టలేదు, యూరియా కూడా అమ్మోనియంగా మారేదాకా నీళ్లతో పాటే పోతుంది, కాబట్టి గుళికలు వేశాం కదా అని యూరియా ఒక్కసారే గుమ్మరించకండి, ఎప్పటిలాగే నాలుగు దఫాలు. గుళికల గుంటల్లో దొండ ఆకు ఆగస్టు వానల్లో కూడా పచ్చగానే ఉంది, ఉత్త పెంట గుంటల్లో పసుపు తిరిగింది. పెంట ఒక్కటే నమ్ముకుంటే ఇంకో చిక్కు, మా ఎండకి ఇసుకలో పెంట ఏడాది తిరిగేసరికి హరించుకుపోతుంది. బంకమట్టి ఉంటే దాన్ని పట్టుకుని ఇంకొంతకాలం ఆగుతుంది, మట్టి మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి 74 రూపాయలు ఒక్క ఏడాది ఖర్చు అనుకోకూడదు, అది కూడా న్యాయంగా చెప్పాలి. పెంట లేకుండా ఉత్త గుళికలు వేయడం మాత్రం దండగ.

భారీ వానకి ఈ గుళికలు ఇసుకలోంచి కిందకి జారిపోతాయా అని బాబాయ్ అడిగాడు, మంచి ప్రశ్న. మాకు తుఫానులు కొత్త కాదు, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీరం దాటింది మా బాపట్ల దగ్గరే. పోయిన అక్టోబర్ వానల తర్వాత రెండు గుంటలు పక్కనించి తవ్వి చూశా. కొంత జారింది. జానెడు లోతులో సన్నటి బూడిదరంగు చారలు కనిపించాయి, ఇసుక మధ్య గీత గీసినట్టు. వేళ్లు ఆ చారల వెంటే అల్లుకుని ఉన్నాయి. కాబట్టి నష్టం అనిపించలేదు, అది కూడా వేరు అందే లోతే. ఇంకా కిందకి పోతుందేమో వచ్చే ఏడు తెలుస్తుంది.

నీటిని పట్టే ఇంకో సరుకు హైడ్రోజెల్, అంటే నీళ్లు పీల్చి జెల్లీలా ఉబ్బే పలుకులు, ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్‌ఐ వాళ్లు తయారుచేసిన పూసా హైడ్రోజెల్ లాంటివి. అది ఎకరానికి కిలో, రెండు కిలోల లెక్క, మట్టి లెక్క కాదు. బరువు మోయక్కర్లేదు, కానీ కొన్నాళ్లకి నేలలో చివికిపోతుంది. నేను వాడలేదు, దాని మీద తీర్పు చెప్పను.

ఇక మిద్దెతోట వాళ్లకి ఒక మాట, గుంటూరు, విజయవాడల్లో మిద్దె మీద కుండీలు లేని ఇల్లు తక్కువ ఇప్పుడు. ఒక బస్తా ఇంట్లో విప్పి కుండీల్లో కలిపా, మట్టికి పదోవంతు కంటే తక్కువ, కొబ్బరిపొట్టుతో కలిపి. మే నెలలో పెళ్లికని మూడురోజులు ఊరెళ్లి వస్తే కరివేపాకు, మల్లె బతికున్నాయి, గుళికలు లేని టమాటా కుండీ ఎండిపోయింది. కుండీ అయితే 620 రూపాయల బస్తా ఇరవై ముప్పై కుండీలకి వస్తుంది, తుంగ రాదు, మూడో అంతస్తుకి మోసుకెళ్లడం తేలిక. ఈ గుళికల అసలు కస్టమర్ మిద్దెతోటవాడే అని నా అనుమానం, రైతుకి కరపత్రం వేసి అమ్ముతున్నారు పొరపాటున.

మార్కులంటారా. కుండీకి, నర్సరీ సంచికి ఐదుకి నాలుగు. పాదు గుంటకి మూడు, పూడికమట్టి దొరకని ఊరైతే మూడున్నర. ఎకరమంతా చల్లడానికి ఒకటి కూడా ఎక్కువే. షాపుకి రెండు, ఆ రెండూ కూడా కుర్రాడి మర్యాదకి. బిల్లు తెల్లకాగితం మీద రాసిచ్చాడు, పక్కా బిల్లు కావాలంటే రేటు మారుతుందన్నాడు. రెండు బస్తాలు అడుగున చిరిగి వచ్చాయి, ఫోన్ చేస్తే "లోడింగ్‌లో అవుతుంటాయండి" అన్నాడు. మిగిలినవి వెనక్కి తీసుకుంటావా అంటే "మట్టి కదండీ, ఎవరు తీసుకుంటారు" అని నవ్వాడు. బస్తా అమ్మేటప్పుడు అది మట్టి కాదు మరి, టెక్నాలజీ.

కొనేవాళ్లు కొనకముందు ఒక పని చేయండి, డబ్బు ఖర్చు లేదు. పాత హార్లిక్స్ సీసాలో మీ చేను మట్టి మూడో వంతు, నీళ్లు మెడ దాకా, చిటికెడు సర్ఫు, గట్టిగా ఐదు నిమిషాలు కుదిపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో కిందకి దిగేది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని పైన పేరుకునేది ఒండ్రు. మర్నాటికి కూడా పైన సన్నగా దిగుతూ ఉండేది బంకమట్టి. మా చేను సీసాలో ఆ మూడోపొర వెతుక్కోవాల్సి వచ్చింది, గోరు అంచంత. మీ సీసాలో అది వేలెడు మందం ఉంటే మీకు గుళికలు కాదు, పెంట కావాలి.

ఇంక నా దగ్గర ఆరు బస్తాలు మిగిలాయి. ఈ ఏడు వేసంగికి ఇంకో ఇరవై దొండగుంటలు తీస్తాం, వాటికి మావయ్యగారు పూడికమట్టే అంటున్నారు, నేను సగం సగం అంటున్నా, ఇంకా తేలలేదు. రెండు బస్తాలు మాత్రం ఎవరికైనా మిద్దెతోటకి కావాలంటే కొన్న రేటుకి సగానికి ఇస్తా, గుంటూరు వచ్చి పట్టుకెళ్లాలి. ఆ రెండూ చిరిగినవే, సంచి మీరు తెచ్చుకోండి.